మూడు వందల ఇరవై గ్రాములు

షుయిలీ పట్నం నుంచి వచ్చే మధ్యాహ్నం బస్సు ఆ కొండ ఊళ్లో ఆగగానే ముందు సంచీ దిగింది, ఆ తర్వాత మనిషి దిగింది. సంచీయే పెద్దది. డ్రైవరు దాన్ని రెండు చేతులా పట్టి కిందికి దించి, నడుం పట్టుకుని నిలబడ్డాడు.

"ఇందులో ఏముందండీ, గుడి గంటా?"

"నాలుగు రోజుల సామాను," అంది యెన్ టీచరు.

ప్లమ్ తోట గట్టు మీద కూర్చున్న పుని లేచి వచ్చింది. ఆమె సంచీ వైపు చూడలేదు, టీచరు కాళ్ల వైపు చూసింది. బస్సు మెట్టు దిగేటప్పుడు టీచరు కడ్డీ పట్టుకోలేదు. పాదం మొత్తం నేలకు ఆనించి, అప్పుడు బరువు మార్చింది. ఈ కాళ్లు ఎక్కుతాయి, అనుకుంది పుని. ఆ మాటే పైకి అనేసి, సంచీకి ఒక పక్క పట్టుకుంది.

యెన్ షు-చిన్‌కి అరవై ఏడేళ్లు. చాంగ్‌హ్వాలో ఆడపిల్లల బడిలో ముప్పై మూడేళ్లు భూగోళం చెప్పి రిటైరైంది. మూడు వేల మీటర్లు దాటిన కొండల్లోంచి ఎప్పుడో పెద్దలు వందింటిని ఏరి జాబితా కట్టారు. కొండలెక్కేవాళ్లకి ఆ వందా పూర్తి చేయడం మొక్కు తీర్చుకోవడం లాంటిది. టీచరు ఇరవై ఆరేళ్లలో తొంభై తొమ్మిది ఎక్కింది. సరిగ్గా వందోదాని ముందు ఆమె క్లబ్బు ఆమెని వదిలేసింది. అధ్యక్షుడు ఫాన్ ఫోన్ చేసి, "అక్కా, నీ సంచీ ఇక నువ్వు మొయ్యలేవు. నీ ఒక్కదానికే ఇద్దరు కూలీలు కావాలి. తొంభై తొమ్మిదైనా గొప్పే కదా, ఎవరడిగారు?" అన్నాడు. టీచరు మూడు రోజులు గడప దాటలేదు. నాలుగో రోజు ఒక పాత శిష్యురాలు పుని నంబరు ఇచ్చింది.

పుని కూడా ఒకప్పుడు మోసిన మనిషే. ఆ ఊరి బునున్ కొండజాతి ఇళ్లలో కొండ మీదికి బరువు మొయ్యని గడప లేదు. పదిహేడో ఏట మొదలుపెట్టి తొమ్మిదేళ్లు యాత్రికుల బియ్యం, గుడారాలు, గ్యాసు బుడ్లు మోసింది. ఇరవై ఆరో ఏట, ముప్పై ఎనిమిది కేజీల కింద, కుడి మోకాలు టప్పున పలికింది. ఆరు నెలలు మంచం. ఆ ఆరు నెలల్లో వాళ్లమ్మ కుట్టుమిషన్ దగ్గరికి కుర్చీ లాక్కుని, గాలిపటం గుడ్డ లాంటి పల్చటి నైలానుతో ఒక సంచీ కుట్టింది. లేచి తిరిగే వేళకి ఆమె సామానంతా కలిపి, తిండీ నీళ్లూ కాకుండా, మూడు కేజీల ఏడు వందల గ్రాములు. ఊళ్లో నవ్వారు. "పుని కొండెక్కుతుంటే దారిలో ఎవరూ తుమ్మకండ్రా, ఎగిరిపోద్ది," అన్నారు. అయిదేళ్లయింది. ఇప్పుడు ఆ నవ్విన వాళ్లలో ఇద్దరు ఆమె చేత సంచులు కుట్టించుకున్నారు.

ఇంటి వాకిట్లో పుని టార్పు పట్టా పరిచింది.

"మొత్తం బయటికి తీయండి టీచరుగారూ."

"మొత్తమా?"

"చెప్పుల దగ్గర్నుంచి చెవిపుల్ల దాకా."

అరుగు మీద పీటేసుకుని, బుగ్గన వక్కతో పుని తండ్రి సలిజాన్ కూర్చున్నాడు. నుదుటికి పట్టీ కట్టి ముప్పై ఏళ్లు యాభై కేజీల చొప్పున మోసిన మనిషి. రెండు మోకాళ్లూ అరిగిపోయినా ఆ బరువు మీద గౌరవం మాత్రం అరగలేదు. సామాను ఒక్కొక్కటీ బయటపడుతుంటే ఆయన మొహం విప్పారింది. మడత కుర్చీ. మూతలతో రెండు గిన్నెలు. ఫ్లాస్కు. అయిదు జతల బట్టలు. బిస్కెట్ల రేకు డబ్బా. గొడుగు. పులియబెట్టిన టోఫూ నిండా ఉన్న గాజు సీసా. మూడు టార్చీలు.

"మూడోది ఎందుకండీ?" అంది పుని.

"రెండోది పాడైతే."

"మొదటిదో?"

"అది ఎప్పుడూ పాడే," అంది టీచరు నిజాయితీగా.

"ఇదీ సామానంటే!" అన్నాడు సలిజాన్. "మనిషి కొండ మీదికెళ్తే వెనకాల కొంప కూడా వెళ్లాలి. ఈ పిల్ల సంచీ చూడండి, బళ్లోకి అన్నం క్యారేజీ పట్టుకెళ్తున్నట్టు ఉంటది."

"ఆ కొంప నీ మోకాళ్ల మీదే కదా నాన్నా ఎక్కింది," అంది పుని, చేపలు తూచే కొక్కెం త్రాసుకి సంచీ తగిలిస్తూ. ముల్లు పదిహేడున్నర దగ్గర ఆగింది.

తర్వాత ఒక్కో వస్తువూ చేతిలోకి తీసుకుని ఒకటే ప్రశ్న అడిగింది.

"ఇది లేకపోతే ఏమవుద్ది? చస్తామా, ఇబ్బంది పడతామా, సిగ్గుపడతామా? చచ్చేదైతే ఉంచుదాం. ఇబ్బందైతే ఆలోచిద్దాం. సిగ్గైతే ఇక్కడే వదిలేద్దాం."

అయిదు జతల బట్టల్లో నాలుగు సిగ్గు కుప్పలోకి పోయాయి. కుర్చీ పోయింది. రెండు టార్చీలు పోయాయి, పాడైంది ముందు పోయింది. గాజు సీసాలోంచి అరచేతిలో పట్టేంత టోఫూ ప్లాస్టిక్ డబ్బీలోకి మారింది. చావు కుప్పలో మిగిలినవి కొన్నే. వాన కోటు, పొడి బట్టలు ఒక జత, ఈకల దుప్పటి, మందులు, బాతు ఈకలు కూరిన నీలం కోటు. కోటును పుని త్రాసుకి తగిలించి, "మూడు వందల ఇరవై. బంగారం లాంటి కోటు," అంది.

సాయంత్రానికి టీచరుకి పూనకం వచ్చింది. కత్తెర తీసుకుని పళ్లు తోముకునే బ్రష్షు కాడ తనే కత్తిరించింది. సంచీ పట్టీల చివర్లు కత్తిరించింది. మ్యాపు అంచులు కూడా కత్తిరించమని సలిజాన్ వేళాకోళం చేస్తే మాత్రం కళ్లెర్రజేసింది. "కొలబద్ద ఉండేది అంచు మీదే. మ్యాపు అంచు కోసినవాణ్ణి నేను పాస్ చెయ్యను."

గొడుగు ఉండనిచ్చింది పుని. "చెట్లు లేని చోట ఎండకీ చినుక్కీ దీన్ని మించింది లేదు."

"గొడుగేసుకుని కొండెక్కుతారా? పెళ్లికెళ్తున్నారా?" అన్నాడు సలిజాన్.

టీచరుకి అర్థం కానిది ఒకటే. పుని సామానులో అన్నీ అరచేతిలో ఊదితే ఎగిరేవి. బీరు డబ్బాతో చేసిన స్పిరిట్ పొయ్యి, పల్చటి గిన్నె, వీపు మేరకి కోసిన ఫోం చాప. వాటి పక్కనే చెక్క ఒరలో మూరెడు కత్తి, చూపుకే అర కేజీ ఉంటుంది.

"దీన్ని తూచవా?"

"చెయ్యిని ఎవరన్నా తూస్తారా టీచరుగారూ?"

చివరికి టీచరు సంచీ నాలుగు కేజీల రెండు వందల ఎనభై దగ్గర ఆగింది. "నాలుగు లోపు రాదా?" అని ముల్లు వైపే చూస్తూ అడిగింది టీచరు.

"నాదే మూడు ఏడొందలు. మీరు నాతో పోటీకొస్తే ఊళ్లో నా పరువు పోద్ది," అని నవ్వింది పుని.

మర్నాడు పొద్దున్న సలిజాన్ గ్లాసులోని బియ్యపు సారా వేలితో మూడు చుక్కలు నేల మీద చల్లి, కొండమీది పెద్దలకి చెప్పుకున్నాడు. సంచులు భుజానికెత్తుకున్నారు. సరిగ్గా గుమ్మం దాటుతుండగా టీచరు తుమ్మింది.

"ఆగండాగండి. కూర్చోండి," అన్నాడు సలిజాన్. అందరూ మళ్లీ కూర్చుని టీ తాగారు. భూగోళం టీచరు కూడా మారుమాట లేకుండా తాగింది. చిన్న ట్రక్కులో దారి మొదలు దాకా దింపి, సలిజాన్ వెనక్కి వెళ్లిపోయాడు.

మొదటి రోజంతా, ఒకప్పుడు కలప లారీల కోసం వేసిన పాత రోడ్డు వెంట నడక. నవంబరు ఎండ, పక్కన లోయలో ఏరు. రోడ్డు మూడు చోట్ల విరిగి లోయలోకి జారిపోయింది. మూడో చోట కొండ చరియ మొత్తం కంకరగుట్ట, అడుగేస్తే కిందికి జారుతుంది. టీచరు గట్టున నిలబడిపోయింది.

"ఇలాంటి చోట పోయినేడు నన్ను తాడు కట్టి లాగారు."

"పోయినేడు మీ వీపు మీద గుడి గంట ఉంది. ఇప్పుడు లేదు. నా అడుగులో అడుగెయ్యండి, ఆగకండి. అడుగు జారిందా, జారనివ్వండి, ఇంకో అడుగెయ్యండి. తేలిగ్గా ఉన్నవాళ్లకి ఉన్న సుఖం ఇదే, కాలు పడేలోపు మనసు మార్చుకోవచ్చు."

టీచరు దాటేసింది. అవతలి గట్టున నిలబడి వెనక్కి చూసుకుని, బడిపిల్లలా రెండు చేతులూ నడుం మీద పెట్టుకుంది. ఆ తర్వాత ఆమెని ఆపేవాళ్లు లేరు. కనబడిన ప్రతి శిఖరానికీ పేరు చెప్పింది, ఎత్తు చెప్పింది, తనెక్కిన సంవత్సరం చెప్పింది. సాయంత్రం పైన్ చెట్ల కింద టార్పు కట్టి, పుని ఒకే గిన్నెలో సేమ్యా ఉడికిస్తుంటే, "నా కాళ్లు ఇంకా నడక అడుగుతున్నాయి," అంది టీచరు.

రెండో రోజు ఎక్కుడు. పదింటికి, కొండ దిగుతూ ఇద్దరు కుర్రాళ్లు ఎదురయ్యారు. వాళ్ల సంచులు తలకి రెండు జానల పైకి లేచి ఉన్నాయి, అడుగడుక్కీ ఏదో గిన్నె ఖంగుమంటోంది.

"ఆంటీ, వాకింగ్‌కొచ్చారా? చీకటి పడేలోపు దిగిపోండి, జాగర్త," అన్నాడు ఒకడు.

"శిఖరానికి బాబూ," అంది టీచరు. "మీరు ఇల్లు ఖాళీ చేసి వస్తున్నారా?"

పునికి నవ్వాగలేదు. తన చేతిలో తయారైన మనిషి అలా మాట్లాడుతుంటే ఛాతీ పొంగింది. ఆ పొంగులో ఆమె ఒక సంగతి గమనించలేదు. పొద్దున్న మంచులో సంచులు సర్దేటప్పుడు టీచరు దుప్పటి చుట్టుకునే కూర్చుంది గానీ కోటు తొడుక్కోలేదు.

పన్నెండింటికి ఈశాన్యం నుంచి మబ్బు వచ్చి శిఖరాల మీద వాలింది. ఒంటిగంటకి వాన. పెద్ద వాన కాదు, ఆగని వాన. చెట్లు అయిపోయి సన్న వెదురు పొదలు మొదలయ్యాయి. నడుం దాకా ఉన్న ఆ పొదల్ని చీల్చుకుంటూ పోతే ప్రతి ఆకూ దోసెడు నీళ్లు ఒంపుతుంది. గాలికి గొడుగు మూసేశారు. పుని దీనికి సిద్ధంగానే ఉంది. ఇంకో గంటలో శిఖరం ముందర, రెండు కొండల మధ్య ఉన్న మెడవంపు చేరాలి, అక్కడ టార్పు కట్టాలి. తొందరేం లేదు.

రెండింటికి, తనకి వెనకాల మాటలు ఆగిపోయాయని ఆమెకి తట్టింది.

వెనక్కి తిరిగింది. టీచరు నడుస్తూనే ఉంది, కానీ చేతికర్రలు నేలని తాకడం లేదు, పక్కన ఈడ్చుకొస్తున్నాయి. పుని ఆగి, మబ్బు చీలికలోంచి కనబడుతున్న కొండని చూపించింది.

"టీచరుగారూ, అదేం కొండ?"

టీచరు చాలాసేపు చూసింది. "రేపు చెప్తా," అంది.

పుని గబగబా వెనక్కి వచ్చింది. దగ్గరికెళ్లి ఆమె చేతులు పట్టుకుంది. చేపల్లా చల్లగా ఉన్నాయి. పెదాలు నీలంగా మారాయి. సంచీ నడుం పట్టీ విప్పబోయి టీచరు వేళ్లు దాన్ని తడుముతున్నాయి గానీ పట్టుకోలేకపోతున్నాయి.

"కోటు తీసి లోపల తొడుక్కోండి. ఇప్పుడే. సంచీలో పైనే పెట్టాం కదా?"

"లేదు."

"ఏది లేదు?"

"కోటు. మీ ఇంట్లో... పరుపు కింద పెట్టా." పళ్లు టకటకలాడుతుంటే మాట ముక్కలై వచ్చింది. "మూడు తొమ్మిది అరవై అయింది పునీ. రాత్రి నువ్వు పడుకున్నాక తూచా. నాలుగు లోపే."

పునికి ఒక్క క్షణం ఒళ్లు మండింది. నోటిదాకా వచ్చిన మాట మింగేసింది. దానికి తర్వాత టైముంటుంది, దీనికి లేదు. మెడవంపు ఇంకా గంట, అక్కడ గాలి. టార్పు గాలిని ఆపుతుంది గానీ చలిని ఆపదు. స్పిరిట్ పొయ్యి గిన్నెడు నీళ్లు కాస్తుంది, మనిషిని కాయదు. నిప్పు కావాలి. నిప్పుంటే పొడి చోటు కావాలి. శిఖరం పక్క వాలులో, రెండు వందల మీటర్ల కిందికి, వేటగాళ్లు ఆగే రాతి చూరు ఒకటి ఉంది. పద్నాలుగో ఏట తండ్రితో రెండు రాత్రులు అక్కడ పడుకుంది.

తన సంచీలోంచి తన ఈకల కోటు తీసింది. టీచరు వాన కోటు విప్పించి, తడి చొక్కా మీంచే తొడిగి, పైన మళ్లీ వాన కోటు వేసి, గుండీలు తనే పెట్టింది.

"మరి నీకు?"

"నేను నడిచేంత సేపు నాకు చలెయ్యదు. మీరు నా సంచీ మీద చెయ్యెయ్యండి. తియ్యకండి. నాతో మాట్లాడుతూ ఉండండి. ఎక్కాలు చెప్పండి."

"భూగోళం టీచర్ని."

"అయితే నదులు చెప్పండి. ఉత్తరం నుంచి దక్షిణానికి."

నదులు చెప్పించుకుంటూ దిగింది. ఒక నదిని టీచరు రెండుసార్లు చెప్పింది, ఒకదాన్ని మరిచిపోయింది. ఇరవై నిమిషాల్లో రాతి చూరు కింద ఉన్నారు.

చూరు కింద పది అడుగుల పొడి నేల. పాత పొయ్యి రాళ్లు మూడు. గోడ వారగా ఎవరో వేటగాళ్లు పరుచుకుని వదిలేసిన ఎండు వెదురాకు, మోకాలెత్తు గుట్ట. అది చూడగానే పునికి సగం పని అయిపోయినట్టనిపించింది.

టీచరు చేత తడి బట్టలన్నీ విప్పించి పొడి జత తొడిగించింది. తన కోటు వేసింది. దాని మీద టీచరు వాన కోటు వేసి, రెంటి మధ్యా గుప్పెళ్లకొద్దీ ఎండాకు కూరింది, వీపున, ఛాతీ మీద, చేతుల్లో. టీచరు పిట్టల్ని తోలే గడ్డిబొమ్మలా ఉబ్బింది. ఆకుగుట్ట మీద చాపేసి కూర్చోబెట్టి రెండు దుప్పట్లూ చుట్టింది.

"వణకండి. బాగా వణకండి. వణుకు మంచిది. అది ఆగితే నాకు చెప్పండి."

"ఆగితే ఎలా చెప్తా?" అంది టీచరు. అంత చలిలోనూ ఆ మాట వెటకారంగానే వచ్చింది. పునికి ధైర్యం వచ్చింది.

కత్తి పట్టుకుని వానలోకి వెళ్లింది. నేల మీద పడ్డ కట్టె వైపు చూడలేదు. అది స్పాంజి. వాలు కింద పైన్ చెట్టొకటి ఎప్పుడో పిడుగుకి చచ్చి నిలబడే ఉంది. పైన నల్లగా, తడిగా ఉన్నా మొదలు దగ్గర కత్తి దిగ్గొట్టి చెక్కు లేపితే లోపల ఎర్రగా, నెయ్యి తాగినట్టు జిగురు పట్టిన కట్టె. ముక్కు దగ్గర పెట్టుకుంటే చాలు, ఘాటు. అది చేటెడు కొట్టింది. నిలబడి ఎండిన కొమ్మలు మోచేతి లావువి అయిదారు విరిచింది. చూరు కిందికొచ్చి వాటిని నిలువునా చీల్చింది, తడంతా బెరడులోనే, నడిమ పొడి. చీల్చిన బద్దలు నేల మీద పక్కపక్కన పరిచి వేదికలా చేసింది, నేల చెమ్మ నిప్పుని తినకుండా. దాని మీద జిగురు కట్టెని కత్తితో గీకి, ఉంగరాల జుట్టు లాంటి పొరలు లేపింది. ఒక్కొక్క పొరా అగరుబత్తి పొగంత పల్చన.

వేళ్లు మొద్దుబారాయి. లైటరు చక్రం మీద బొటనవేలు రెండుసార్లు జారింది. చెయ్యి చంకలో పెట్టుకుని ముప్పై లెక్కపెట్టింది. తొందరపడిన చెయ్యి నిప్పు పెట్టలేదని తండ్రి ఎన్నిసార్లు తిట్టాడో. మళ్లీ తిప్పింది. మంట పొరకి తగలగానే జిగురు చిటపటమని, నల్లటి పొగ లేచి, పసుపు పచ్చని నాలుక ఒకటి నిలబడింది. దాని మీద పుల్ల, పుల్ల మీద బద్ద. పావుగంటకి రాతి గోడ వేడిని వెనక్కి కొడుతోంది.

నల్లబెల్లం, అల్లం వేసి నీళ్లు కాచి, గుక్క గుక్కా తాగించింది. గోరువెచ్చటి నీళ్లు సీసాలో పోసి టీచరు చంకలో పెట్టింది. అరగంట పోయాక టీచరు తనంతట తనే గ్లాసు పట్టుకుంది. ఇంకో పావుగంటకి, "ఆ కొండ పేరు నాకు తెలుసు. తొంభై ఎనిమిదో సంవత్సరంలో ఎక్కా," అని పేరు చెప్పింది, ఎత్తు చెప్పింది. అప్పుడు పుని మంట ముందు చతికిలబడి తన తడి మేజోళ్లు విప్పింది.

వాటిని మంట పక్క రాయి మీద ఆరేసింది.

"తిట్టు," అంది టీచరు.

"తిడతా. ముందు ఒకటి చెప్పండి. ఎందుకు చేశారు? చావు కుప్పలో పెట్టింది మీ కళ్ల ముందే కదా?"

టీచరు గ్లాసు కింద పెట్టింది. "ఇరవై ఆరేళ్లు ఆ క్లబ్బులో నేనే ఆఖర్న నడిచా. నా కోసం అందరూ ఆగేవాళ్లు. ఆగి, వాచీ చూసుకునేవాళ్లు. మీ వాకిట్లో ఆ ముల్లు దిగుతుంటే... నాకు చిన్నప్పుడు కూడా పరుగు పందెంలో బహుమతి రాలేదు పునీ. ఇది గెలుస్తున్నట్టనిపించింది. గెలవాలనిపించింది."

పుని మంటలోకి ఇంకో బద్ద తోసింది. తిట్టాల్సింది ఎదురుగా ఉన్న మనిషినే కాదని ఆమెకి తెలుస్తూనే ఉంది. 'మీరు నాతో పోటీకొస్తే' అని పళ్లికిలించింది తనే. తనేం తూచిందో చూపించింది గానీ, ఎందుకు తూచిందో చెప్పలేదు.

"నా తప్పు కూడా ఉంది," అంది. "నేను మీకు త్రాసు నేర్పా. అది చాలదు. ఈ మూడు ఏడొందలు నాకు అయిదేళ్లు పట్టింది టీచరుగారూ. ఒక్కో వస్తువూ వదిలేటప్పుడు దాని బదులు ఒక పని నేర్చుకున్నా. గుడారం వదిలేసి ముడులు నేర్చుకున్నా. పెద్ద పొయ్యి వదిలేసి తడి కట్టెతో నిప్పు నేర్చుకున్నా. చేతకాకుండా వదిలేసింది తేలికవదు, వేరేవాళ్ల మీద బరువవుద్ది. ఇవాళ మీ కోటు నేను మోశా."

"అవును," అంది టీచరు. సంజాయిషీ ఏం చెప్పుకోలేదు. బళ్లో పిల్లలు అలా ఒప్పుకుంటే ఆమె మార్కులు వేసి ఉండేది. "రేపు దిగిపోదామా?"

ఆ ప్రశ్న వస్తుందని పునికి తెలుసు. ఊళ్లో ఎవరిని అడిగినా దిగిపొమ్మనే అంటారు. ఆమె చూరు బయటికి చెయ్యి చాపి వానని చూసింది. చినుకు సన్నబడింది, గాలి పడమటికి తిరిగింది.

"పొద్దున్న అడుగుతా. మీరు మీ బూటు తాడు మీరే కట్టుకుని, అయిదు శిఖరాలు తడుముకోకుండా చెప్పాలి. ఆకాశం తేటగా ఉండాలి. ఈ రెండూ అయితే పైకి. ఒక్కటి కాకపోయినా కిందికి. మీరు ఏడ్చినా కిందికే."

"నేను ఏడవను."

"నేను ఏడ్చినా కిందికే."

చీకటి పడేలోపు పుని కత్తి మొనతో టీచరు దుప్పటి కుట్టు మధ్యలో తల పట్టేంత కంత విప్పి, అంచులు దారంతో కట్టేసింది. నడిచేటప్పుడు అది మెడలో వేసుకుని వాన కోటు కింద దింపుకుంటే కోటే. తడి బట్టలు మంట పక్క కర్ర మీద ఆరాయి. సేమ్యా, టోఫూ తిన్నారు. టీచరు కడుపు నిండా తిని, ఆకుల్లో కూరుకుపోయి, మంటకి వీపు పెట్టి, గుర్రు పెట్టింది. పుని మంట ఆరకుండా చూసుకుంటూ అప్పుడప్పుడూ లేచింది.

తెల్లారేసరికి ఆకాశం కడిగిన పళ్లెంలా ఉంది. టీచరు తనే బూటు తాడు కట్టుకుంది, రెండు ముడులేసి మరీ. చూరు బయట నిలబడి తూర్పు నుంచి పడమటికి పన్నెండు శిఖరాలు చెప్పింది.

"అయిదే అడిగా."

"అదనపు మార్కులు."

పుని నవ్వలేదు. ఆమె చేతులు పట్టుకుని చూసింది. వెచ్చగా ఉన్నాయి. పెదాలు చూసింది. పొయ్యి మీద నీళ్లు చల్లి, బూడిద కలిపి, అరచెయ్యి పెట్టి చూసి, అప్పుడు సంచీ ఎత్తుకుంది. "పైకి," అంది. పునికి ఇందులో ధీమా తప్ప ఇంకేం లేదు. ఆకాశం ఆమెకి తెలుసు, దారి తెలుసు, ఇప్పుడు ఈ మనిషి కూడా తెలుసు.

మెడవంపు దాకా గంటన్నర. అక్కణ్ణుంచి రాళ్లు. చివరి యాభై మీటర్లు చేతులు వాడి ఎక్కాలి. పుని కిందనే ఉండి, "ముందు మీరు," అంది.

"నేనా? నేనెప్పుడూ ఆఖర్ననే."

"ఇవాళ ఆఖర్న నేనుంటా. కుడి చెయ్యి ఆ పగుల్లో. ఆ... ఎడమ కాలు. మీరు తేలిగ్గా ఉన్నారు, గుర్తుపెట్టుకోండి, లాక్కోకండి, నిలబడండి."

టీచరు నిలబడింది. ఒక్కో అడుగూ నిలబడుతూ, నడుం దాకా ఈకల దుప్పటి వేలాడుతూ, ఎండాకు ముక్కలు వాన కోటు చేతుల్లోంచి రాలుతూ ఎక్కింది. ఆమె బూట్లు అంచు దాటి కనబడకుండా పోయాయి. పుని గబగబా ఎక్కి తల పైకెత్తి చూసింది.

టీచరు కొలత రాయి ముందు గొంతుక్కూర్చుని ఉంది. సర్వే వాళ్లు ఎప్పుడో పాతిన చదరపు రాయి, జానెడు పైకి తేలి ఉంది. దాని నెత్తిన అరచెయ్యి పెట్టి, పిల్ల తల నిమిరినట్టు నిమురుతోంది. చుట్టూ మబ్బు సముద్రం, దాని మీద తేలుతున్న కొండలు, ప్రతిదీ ఆమెకి పేరు తెలిసిందే.

"ఎంత చిన్న రాయో చూడు," అంది. "ఫాన్ ఇక్కడికి వంద మంది పట్టే బ్యానరు తెస్తానన్నాడు."

"ఫొటో తియ్యనా?"

"తియ్యి. ఈ అవతారంలోనే తియ్యి. జుట్లో ఆకులు దులపకు."

ఆమె ఏడవలేదు. ముప్పావుగంట కూర్చుని, మ్యాపు పరిచి, అంచు మీది కొలబద్ద మీద వేలుపెట్టి, తను నడిచిన దారంతా మొదటి నుంచి కొలుచుకుంది. పుని పక్కన వెల్లకిలా పడుకుని టోపీ మొహమ్మీద వేసుకుంది. ఆ ముప్పావుగంటా ఎవరూ వాచీ చూసుకోలేదు.

నాలుగో రోజు మధ్యాహ్నం దారి మొదట్లో సలిజాన్ ట్రక్కు ఆపుకుని ఉన్నాడు. కూతురి మొహం చూసి, టీచరు మెడలో వేలాడుతున్న దుప్పటి చూసి, ఏదో జరిగిందని పట్టేశాడు. పుని నోరు తెరిచేలోపు టీచరే చెప్పేసింది. పరుపు కింద కోటు, వాన, నదులు, నిప్పు, ఏదీ దాచలేదు.

సలిజాన్ వక్క ఉమ్మేసి, నోరు తుడుచుకున్నాడు. "ముప్పై ఏళ్లు మోశా. దారిలో పారేసుకున్నోళ్లని చూశా, మర్చిపోయినోళ్లని చూశా. పరుపు కింద దాచి కొండెక్కినోళ్లని ఇప్పుడే చూడ్డం." తర్వాత కూతురి వైపు తిరిగాడు. "పిడుగు పడ్డ ఆ చెట్టేనా?"

"అదే."

"నిప్పుకి ఎంతసేపు పట్టింది?"

"పావుగంట."

"వానలో పది నిమిషాలు చాలు."

"చేతులు మొద్దుబారాయి నాన్నా."

"ఊఁ," అన్నాడు. పుని వీపు మీది సంచీ తనే అందుకుని, చేత్తో ఒకసారి పైకి ఎగరేసి పట్టుకుని చూసి, ట్రక్కు ముందు సీట్లో, తన పక్కన పెట్టుకున్నాడు. ఆడవాళ్లిద్దరూ వెనక ఎక్కారు. మొదటి మలుపు తిరగకముందే టీచరు, తనలాంటి వాళ్లు ముగ్గురున్నారని, ముగ్గురూ అరవై దాటినవాళ్లేనని, వచ్చే ఏప్రిల్లో తీసుకొస్తానని, ముందు నిప్పు నేర్పి ఆ తర్వాతే త్రాసు చూపించమని చెప్పడం మొదలుపెట్టింది. పుని కళ్లు మూసుకునే, "ఏప్రిల్లో వానలు. బాగుంటది," అంది.